రేడియోలో గరగర పోగొట్టిన మేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. దేశ నాయకులను గురించీ, కవులను గురించీ రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు కనుక నేను ఒక ఇంజనీరును ఎంచుకున్నాను. ఆయన పేరు ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1969లో చంద్రుని మీద కాలు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ వేరు, ఈయన వేరు. ఈయన 1954లోనే కాలం చేశారు. అయితే మన ఇళ్ళలో ఒకప్పుడు బల్ల మీద గుడ్డ కప్పి ఉంచుకున్న వాల్వు రేడియో దగ్గర నుంచి, ఈనాడు ఆటోలో మోగే ఎఫ్.ఎం. వరకు ఈయన చెయ్యి పడని రేడియో లేదంటే అతిశయోక్తి కాదు.

మన వయసు వారికి రేడియోలో గరగర అంటే వివరించి చెప్పనక్కరలేదు. సిలోను స్టేషను పట్టుకోవాలని రాత్రి పూట ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపిన వారమే మనమందరమూ. మేఘం ఉరిమితే గరగర, పక్కింట్లో మిక్సీ వేస్తే బర్రుమనడం, వీధిలో మోటారు సైకిలు పోతే టకటక. లైసెన్సు రుసుము పోస్టాఫీసులో కట్టి మరీ విన్నాం. ఈ గరగరను పూర్తిగా పోగొట్టడం ఎవరి తరమూ కాదని పెద్ద పెద్ద ఇంజనీర్లే తీర్మానించుకున్న కాలంలో, ఒక మనిషి మొండిగా ఆ పని మీద కూర్చుని సాధించాడు. సాధించినందుకు ఆయనకు దక్కినదేమిటో కూడా చెప్పుకోవాలి. కోర్టులు, బకాయిలు, వాయిదాలు ఎరిగిన పింఛనుదారులం కనుక మనకు ఆ భాగం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబరు 18న న్యూయార్కు నగరంలో పుట్టారు. తండ్రి జాన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి అమెరికాలో ఉన్న శాఖలో ఉద్యోగి. తల్లి ఎమిలీ పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. చిన్నతనంలో ఒక జ్వరం తరువాత వచ్చిన నరాల జబ్బు వల్ల రెండేళ్ళు బడి మానిపించి ఇంట్లోనే చదివించారు. ఆ జబ్బు తాలూకు గుర్తుగా భుజమూ మెడా అసంకల్పితంగా కుదుపుకోవడం ఆయనకు జీవితాంతం ఉండిపోయింది. 1902లో ఆ కుటుంబం న్యూయార్కుకు ఎగువన హడ్సన్ నది ఒడ్డున ఉన్న యాంకర్స్ అనే ఊరికి మారింది. ఆ ఇంటి పైగది పిల్లవాడి ప్రయోగశాల. మార్కోనీ కథ చదివి పదమూడు, పద్నాలుగేళ్ళకే వైర్‌లెస్ పిచ్చి పట్టింది. పెరట్లో 125 అడుగుల ఏరియల్ స్తంభాన్ని తానే నిలబెట్టి, తాడుకు కట్టిన పీటలో కూర్చుని తానే పైకి లాగించుకుని వెళ్ళేవాడట. ఎత్తైన స్తంభాలు ఎక్కడం ఆయనకు చివరివరకూ పోని అలవాటు.

1909లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. తండ్రి బహుమతిగా ఇచ్చిన ఎర్రరంగు ఇండియన్ మోటారు సైకిలు మీద రోజూ కాలేజీకి వెళ్ళి వచ్చేవాడు. (ఇండియన్ అనేది అక్కడి కంపెనీ పేరు, మన దేశంతో సంబంధం లేదు.) అప్పటికి లీ డి ఫారెస్ట్ అనే ఆయన 1906లో ఆడియాన్ అనే మూడు ధ్రువాల వాల్వును తయారు చేశాడు. కానీ అది ఎలా పని చేస్తుందో తయారు చేసిన వాడికే సరిగా తెలియదు. కుర్రవాడు ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని కొలిచి చూసి, లోపల జరుగుతున్నదేమిటో అర్థం చేసుకున్నాడు. వాల్వు నుంచి బయటికి వచ్చే విద్యుత్తులో కొంత భాగాన్ని తిరిగి లోపలికే పంపితే అది మళ్ళీ పెద్దదై వస్తుంది, మళ్ళీ పంపితే ఇంకా పెద్దదవుతుంది. పెళ్ళి పందిట్లో మైకు వెళ్ళి లౌడుస్పీకరు ఎదుట పడితే కూత పెడుతుంది కదా, అదే సూత్రం. కూత పెట్టకముందే ఆపగలిగితే ఎంతో బలహీనమైన సంకేతం కూడా వేల రెట్లు బలపడుతుంది. కూత పెట్టనిస్తే అదే ప్రసార యంత్రంగా మారుతుంది. 1912లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ఈ విషయం కనిపెట్టాడు. హెడ్‌ఫోను బల్ల మీద పెట్టినా గది అంతా వినపడేటంత గట్టిగా దూరదేశాల టెలిగ్రాఫు వినవచ్చింది.

పేటెంటుకు డబ్బు కావాలి. చదువు పూర్తయ్యాక చూద్దామని తండ్రి ఇవ్వలేదు. ఎవరో సలహా ఇస్తే ఆ సర్క్యూటు బొమ్మ ఒక కాగితం మీద గీసి, 25 సెంట్లు ఇచ్చి నోటరీ సంతకం చేయించుకున్నాడు. ఆ తేదీ 1913 జనవరి 31. గుమాస్తాగా ముప్పై అయిదేళ్ళు పనిచేసిన వాణ్ణి కనుక తేదీలు నా కంట పడకుండా పోవు. ఈ తేదీని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

1914 జనవరి చివరలో న్యూజెర్సీ సముద్రతీరాన బెల్మార్ అనే చోట చలికి వణుకుతూ ఒక పాకలో ఆయన తన పరికరాన్ని మార్కోనీ కంపెనీ ఉద్యోగి ఒకరికి చూపించాడు. ఐర్లాండూ, హొనొలులూ వినవచ్చాయి. ఆ ఉద్యోగి పేరు డేవిడ్ సర్నాఫ్. రష్యా నుంచి వలస వచ్చి, వార్తాపత్రికలు అమ్మి, టెలిగ్రాఫు ఆపరేటరై పైకి వచ్చిన మనిషి. తరువాత ఆర్.సి.ఎ. అనే మహా సంస్థకు అధిపతి అయ్యాడు. ఆ రాత్రి స్నేహం మొదలైంది. ఈ కథలో మొదటి మిత్రుడూ, చివరి శత్రువూ ఆయనే.

ప్రపంచ యుద్ధంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగంలో కెప్టెనుగా పారిస్ చేరాడు. తరువాత మేజరు అయ్యాడు. సైన్యం వదిలిన తరువాత కూడా ఆయనను మేజర్ అనే పిలిచేవారు. రాత్రి పూట శత్రు విమానాలు బాంబులు వేస్తూ ఉంటే, చీకట్లో వాటి ఆచూకీ తెలుసుకోవడం ఎలాగా అన్న ఆలోచన ఆయనకు వచ్చింది. విమానం ఇంజనులో స్పార్కు ప్లగ్గులు కొట్టుకున్నప్పుడల్లా చిన్న చిన్న రేడియో తరంగాలు పుడతాయి. వాటిని పట్టుకోగలిగితే విమానం ఎక్కడుందో తెలుస్తుంది కదా అనుకున్నాడు. కానీ అంత హ్రస్వమైన తరంగాలను బలపరచగల వాల్వులు అప్పటికి లేవు. అందుకని అతివేగంగా ఉన్న తరంగాన్ని ముందు తక్కువ వేగానికి దింపి, ఆ తరువాత బలపరచే ఉపాయం 1918లో కనిపెట్టాడు. దానికి సూపర్‌హెటిరోడైన్ అని పెద్ద పేరు. మన భాషలో చెప్పాలంటే, ఏ తాలూకా నుంచి ఏ దస్తూరీలో ఏ కాగితం వచ్చినా, హెడ్డాఫీసులో ముందుగా ఒకే నమూనాలోకి ఎక్కించుకుని ఆ తరువాత పని నడిపినట్లన్న మాట. ఏ స్టేషను పెట్టినా రేడియో లోపల అది ఒకే పౌనఃపున్యంగా మారుతుంది. మన వాల్వు సెట్లలోనూ, ట్రాన్సిస్టర్లలోనూ మీడియం వేవుకు ఆ సంఖ్య సాధారణంగా 455 కిలోహెర్ట్జ్. ఫ్రాన్సులో లూసియన్ లెవీ కూడా దాదాపు ఇదే ఆలోచన చేసినందువల్ల పేటెంటు దగ్గర చిక్కులు వచ్చాయి కానీ, దాన్ని పనికివచ్చే యంత్రంగా నిలబెట్టినది ఆర్మ్‌స్ట్రాంగే. యుద్ధం అయిపోవడంతో విమానాలను పట్టుకునే పని ఆగిపోయింది, రేడియో మాత్రం మిగిలింది. మోటారు బళ్ళలో మనకు శత్రువైన ఈ ప్లగ్గుల టకటకే ఒక గొప్ప ఆవిష్కరణకు దారి చూపడం నాకు వింతగా తోస్తుంది.

1920లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆయన పేటెంట్లను 3,35,000 డాలర్లకు కొన్నది. 1922లో మరో ఆవిష్కరణకు ఆర్.సి.ఎ. రెండు లక్షల డాలర్లూ, 60,000 వాటాలూ ఇచ్చింది. ఆ కంపెనీలో అంత వాటా ఉన్న వ్యక్తి మరొకరు లేరు. చేతినిండా డబ్బు, వయసు ముప్పై రెండు. సర్నాఫ్ కార్యాలయానికి తరచు వెళ్ళేవాడు. వెళ్ళేది సర్నాఫ్ కోసం మాత్రమే కాదు, ఆయన కార్యదర్శినిగా పనిచేస్తున్న మేరియన్ మెకిన్నిస్ కోసం కూడా. ఆ అమ్మాయిని మెప్పించడానికి 1923 మే నెలలో, నగరం నడిబొడ్డున ఒక ఎత్తైన భవనం మీద ఉన్న ఆర్.సి.ఎ. ఏరియల్ స్తంభం చిట్టచివరికి ఎక్కి ఫోటో తీయించుకుని ఆమెకు పంపాడు. సర్నాఫ్‌కు మండిపోయి ఆయనను ఆ భవనంలోకి రానివ్వవద్దని ఉత్తర్వులిచ్చాడు. అదే సంవత్సరం డిసెంబరు 1న ఆ పెళ్ళి జరిగింది. పెళ్ళికానుకగా భార్యకు ఆయన ఇచ్చినది చేత పట్టుకుపోగల సూపర్‌హెటిరోడైన్ రేడియో. ఆనాటికి అలాంటిది లోకంలో మరొకటి లేదు. నగలు చేయించలేదేమని మన ఇళ్ళలోని ఆడవారు అడగవచ్చును. ఆమె మాత్రం దానితోనే ఫ్లోరిడా సముద్రపుటొడ్డున ఫోటో దిగింది.

ఇంతలో పాత వాల్వు సర్క్యూటు తగాదా ముదిరింది. తానే ముందు కనిపెట్టానని డి ఫారెస్ట్ దావాకు దిగాడు. 1914లో మొదలైన ఆ వివాదం ఇరవై ఏళ్ళు నడిచింది. ఒక మెట్టు మీద ఈయన గెలవడం, మరో మెట్టు మీద ఆయన గెలవడం. చివరికి 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పు ఇచ్చింది. సాంకేతిక విషయం న్యాయమూర్తులకు సరిగా అర్థం కాలేదని ఇంజనీర్లలో చాలామంది అభిప్రాయపడ్డారు. ఈ ఆవిష్కరణకే రేడియో ఇంజనీర్ల సంస్థ యుద్ధకాలంలో ఆయనకు తమ మొట్టమొదటి గౌరవ పతకం ఇచ్చి ఉన్నది. తీర్పు తరువాత ఆయన ఆ సంస్థ మహాసభకు వెళ్ళి పతకం తిరిగి ఇచ్చివేయబోయాడు. సభ ఒప్పుకోలేదు. ఆ పతకం ఆయనదేనని మరోసారి ప్రకటించింది. తోటి ఉద్యోగుల మాట కోర్టు మాట కంటె ఎక్కువ ఊరట ఇచ్చే సందర్భాలుంటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. గరగరను పోగొట్టే పెట్టె ఏదైనా తయారు చేయరాదా అని సర్నాఫ్ ఆయనను ఎప్పటి నుంచో అడుగుతూ ఉండేవాడు. అప్పటి రేడియో అంతా ఎ.ఎం. పద్ధతి. దీన్ని నాకు తోచినట్లు చెబుతాను. చీకట్లో దూరంగా ఒక మనిషి లాంతరు పట్టుకుని మనకు సంజ్ఞ చేస్తున్నాడనుకోండి. వత్తి పెంచుతూ తగ్గిస్తూ సంజ్ఞ చేస్తే అది ఎ.ఎం. కానీ గాలి వీచినప్పుడు కూడా దీపం పెరుగుతుంది, తగ్గుతుంది. ఏది సంజ్ఞో ఏది గాలో మనకు తెలియదు. ఉరుములూ, మోటార్లూ, ప్లగ్గులూ ఆ గాలి వంటివి. రైలు గార్డులాగా లాంతరును పక్కకు ఊపుతూ సంజ్ఞ చేస్తే అది ఎఫ్.ఎం. దీపం ఎంత రెపరెపలాడినా ఊపు ఎటు ఉందన్నదే మనం చూస్తాం. ఎఫ్.ఎం. రేడియోలో వచ్చిన తరంగాన్ని ముందుగా పైనా కిందా సమంగా కత్తిరించి వేసే భాగం ఒకటి ఉంటుంది. గాలి తెచ్చిన హెచ్చుతగ్గులు అక్కడే పోతాయి.

ఎఫ్.ఎం. అనే ఆలోచన ఆయన కంటె ముందే ఉన్నది. అయితే జాన్ కార్సన్ అనే పెద్ద గణిత శాస్త్రజ్ఞుడు 1922లో లెక్క వేసి, దానివల్ల లాభం లేదని తేల్చాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. లాంతరును బెత్తెడు మేర ఊపితే లాభం లేదని ఆయన చెప్పిన మాట నిజమే. బారెడు ఊపితే ఏమవుతుందని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. స్టేషన్లు తక్కువ జాగాలో ఎక్కువ ఇమడాలని అందరూ తరంగపు వెడల్పు తగ్గిస్తూ ఉంటే ఈయన పెంచాడు. ఎ.ఎం. స్టేషనుకు సుమారు 10 కిలోహెర్ట్జ్ చాలు. ఎఫ్.ఎం.కు 200 కిలోహెర్ట్జ్ కేటాయిస్తారు. ఈ పని మీద ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు శ్రమించగా 1933 డిసెంబరు 26న పేటెంట్లు చేతికి వచ్చాయి.

1934 మే నుంచి న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనం 85వ అంతస్తులో ఉన్న ఆర్.సి.ఎ. ప్రయోగశాలలో పరీక్షలు జరిగాయి. లాంగ్ ఐలండులో సుమారు 65 మైళ్ళ దూరాన ఒక మిత్రుని ఇంట్లో విన్నారు. ఉరుములూ మెరుపుల మధ్య ఎ.ఎం. గరగరలో మునిగిపోగా ఎఫ్.ఎం. నిర్మలంగా వినవచ్చింది. సర్నాఫ్ సంతోషించి ఉండవలసింది. కానీ ఆయన అడిగినది పాత రేడియోకు తగిలించుకునే పెట్టె. మిత్రుడు తెచ్చినది పాత స్టేషన్లనూ, పాత సెట్లనూ మొత్తం మార్చవలసిన కొత్త పద్ధతి. పైగా ఆర్.సి.ఎ. అప్పటికి టెలివిజన్ మీద డబ్బు కుమ్మరిస్తున్నది. 1935 ఏప్రిల్‌లో ఆయన సామాను భవనంలోంచి తీసుకుపొమ్మని కబురు వచ్చింది.

ఆ సంవత్సరం నవంబరు 5న ఇంజనీర్ల సభలో ఆయన ఉపన్యాసం ఇస్తూ మధ్యలో రేడియో తిప్పాడు. యాంకర్స్‌లో మిత్రుడు నడుపుతున్న చిన్న కేంద్రం నుంచి గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడూ, కాగితం నలిపిన చప్పుడూ దగ్గర కూర్చుని విన్నంత స్పష్టంగా వచ్చాయి. ఎ.ఎం.లో ఈ రెండూ ఒకే రకం గరగరగా వినబడతాయి. ఎవరూ సాయం చేయకపోయేసరికి తన ఆర్.సి.ఎ. వాటాలు అమ్ముకుని, హడ్సన్ నదికి అవతలి గట్టున ఆల్పైన్ అనే చోట 400 అడుగులకు పైబడిన స్తంభం కట్టించి, మూడు లక్షల డాలర్లకు మించి ఖర్చు పెట్టి 1938లో సొంత స్టేషను పెట్టాడు.

మోటారు బళ్ళలో ఎఫ్.ఎం. సత్తా తేలినది ఆ తరువాతనే. కనెక్టికట్ రాష్ట్రపు పోలీసులు తమ కార్లకు రెండువైపులా మాట్లాడుకునే ఎఫ్.ఎం. సెట్లు పెట్టుకున్నారు. డేనియల్ నోబుల్ అనే ఆచార్యుడు దాన్ని రూపొందించాడు, 1940 నాటికి అది రాష్ట్రమంతటా పని చేసింది. యుద్ధం రాగానే అమెరికా సైన్యం ట్యాంకులలోనూ జీపులలోనూ ఎఫ్.ఎం. సెట్లే పెట్టింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వాడకానికి సైన్యం దగ్గర రాయల్టీ పుచ్చుకోలేదు.

బండిలో రేడియో ఎందుకంత ఇబ్బంది పెడుతుందో నాకు కొంత అనుభవం మీద తెలుసు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వరదల సమయంలో ఒక కార్యాలయపు పెట్రోలు జీపుకు పాత వైర్‌లెస్ సెట్టు బిగించారు. అది ఎ.ఎం. సెట్టు. బండి ఆగి ఉంటే బాగానే వినవచ్చేది, కదిలితే అంతా గోల. సెట్టు పాడైందని రాసి కొత్తది తెప్పించమని నోటు పెట్టబోతూ ఉండగా వైర్‌లెస్ మెకానిక్కు ఒకాయన వచ్చాడు. ఆయన సెట్టు మూత కూడా విప్పలేదు. ముందు ఇంజను ఆపి విన్నాడు, గోల లేదు. కాబట్టి శత్రువు బండిలోనే ఉన్నాడు. ఇంజను నడుపుతూ ఏరియల్ వైరు పీకి చూశాడు. టకటక పోయింది, సన్నని ఈల మాత్రం మిగిలింది. ఏరియల్ పీకితే పోయేది గాలిలోంచి వచ్చే గోల, పీకినా పోనిది కరెంటు తీగల గుండా వచ్చే గోల. అంటే ఆ జీపులో రెండూ ఉన్నాయి. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ టకటక జోరు కావడం ప్లగ్గుల వల్ల, ఈల గొంతు హెచ్చడం చార్జింగు యంత్రం వల్ల అని చెప్పాడు.

ఈల కోసం సెట్టు కరెంటు తీగలను డాష్‌బోర్డు దగ్గర నుంచి తప్పించి, ఫ్యూజులు పెట్టి, నేరుగా బ్యాటరీకి కలిపాడు. టకటక కోసం ప్లగ్గులకు సప్రెసర్లు వేశాడు. బానెట్టునూ, పొగగొట్టాన్నీ అల్లిక తీగతో ఛాసిస్‌కు కట్టాడు. చిట్టచివరగా ఏరియల్ మొదలు విప్పితే దాని కింద పెయింటూ, తుప్పూ. రేకు మెరిసేదాకా గీకి బిగించాడు. దూరపు స్టేషను అందకపోవడానికి అసలు కారణం అదేనన్నాడు. నా నోటు చింపివేశాను. ఇప్పటి కార్లలో కూడా ఇదే వరస. కాకపోతే ఛార్జర్లు, చిన్న కెమెరాలు, ఎల్.ఇ.డి. దీపాలు కొత్తగా చేరిన గోలలు. ఒక్కొక్కటి ఆపి చూస్తే దొంగ తేలిపోతాడు. మనవడి కారులో ఎఫ్.ఎం. బరబరమంటే ముందుగా ఆ సిగరెట్టు సాకెట్టులో గుచ్చిన ఛార్జరు పీకి చూడమనండి.

మళ్ళీ మేజరుగారి దగ్గరకు వద్దాం. 1940లో అమెరికా ప్రసార కమిషను ఎఫ్.ఎం.కు 42 నుంచి 50 మెగాహెర్ట్జ్ వరకు జాగా ఇచ్చి, 1941 జనవరి 1 నుంచి వాణిజ్య ప్రసారాలకు అనుమతించింది. అప్పుడు ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లు ఏకమొత్తంగా ఇస్తాం, లైసెన్సు ఇమ్మని అడిగింది. మిగిలిన చిన్న కంపెనీలన్నీ అమ్మకంలో ఇంత శాతమని రాయల్టీ కడుతున్నాయి. వారికి ఒక న్యాయం, పెద్ద కంపెనీకి ఒక న్యాయమా అని ఈయన కాదన్నాడు. ఇక్కడ ఆయన పొరబడ్డాడని కొందరు రాశారు. నేను అలా అనుకోను. చిన్న వాళ్ళ దగ్గర నెల నెలా వసూలు చేస్తూ పెద్దవాడికి రాయితీ ఇవ్వడానికి ఆయన మనసు ఒప్పలేదు. అయితే దాని ఖరీదు ఎంతో ఆయనకు అప్పుడు తెలియదు.

1945 జూన్‌లో కమిషను ఎఫ్.ఎం. జాగాను 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌కు మార్చివేసింది. జనం కొనుక్కున్న సెట్లు కొన్ని లక్షలు ఒక్క ఉత్తర్వుతో పనికిరాకుండా పోయాయి. స్టేషన్లు ప్రసార యంత్రాలన్నీ మళ్ళీ కొనుక్కోవలసి వచ్చింది. టెలివిజన్‌లో మాట అంతా ఎఫ్.ఎం. పద్ధతిలోనే వస్తున్నది, కానీ ఆర్.సి.ఎ. తానే వేరే పద్ధతి కనిపెట్టుకున్నానని చెప్పి రాయల్టీ కట్టలేదు, ఇతరులనూ కట్టవద్దన్నది. 1948 జూలై 22న ఆయన దావా వేశాడు.

ఆ తరువాత అయిదున్నరేళ్ళు జరిగినది మనకు తెలియని కథేమీ కాదు. ప్రతివాది లాయర్లు ఆయనను బోనులో నెలల తరబడి నిలబెట్టి ప్రశ్నలు వేశారు. కాలం ఎవరి పక్షాన ఉందో వాళ్ళకు తెలుసు. పేటెంటు గడువు 17 ఏళ్ళు. 1933 డిసెంబరుకు 17 కలిపి చూడండి, 1950 డిసెంబరు వస్తుంది. గడువు దాటింది, రాయల్టీలు ఆగాయి, లాయరు ఖర్చులు మాత్రం ఆగలేదు. ఆస్తి కరిగిపోయింది. సమస్తమూ కాగితాలే. భోజనాల దగ్గర కూడా కేసు మాటే. రాజీ పడి శేషజీవితం ప్రశాంతంగా గడుపుదామని మేరియన్ కోరింది. 1953 నవంబరులో పండుగనాడు ఈ మాట మీదనే గొడవ ముదిరి, కోపంలో ఆయన ఇనప కడ్డీతో ఆమె చేతి మీద కొట్టాడు. ఆమె కనెక్టికట్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. ఈ విషయం దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. ముప్పై ఏళ్ళు తోడున్న మనిషి ఆమె.

రెండు నెలలు ఆయన ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. భార్యను నొప్పించినందుకు క్షమాపణ కోరుతూ ఉత్తరం రాసిపెట్టి, 1954 జనవరి 31 రాత్రి తన 13వ అంతస్తు ఇంటి నుంచి పడి ప్రాణం తీసుకున్నాడు. వయసు 63. నోటరీ సంతకం చేయించుకున్న జనవరి 31కి సరిగ్గా 41 ఏళ్ళు.

అదే సంవత్సరం చివరలో ఆర్.సి.ఎ. మేరియన్‌తో రాజీకి వచ్చింది. ఇచ్చిన మొత్తం పది లక్షల డాలర్ల పైచిలుకు, అంటే 1940లో ఇస్తామన్న మొత్తం దాదాపు అంతే. రాజీ పడదామన్న ఆమే ఇప్పుడు మిగిలిన కేసులు వదలలేదు. ఒక్కొక్క కంపెనీనీ కోర్టుకు ఈడ్చి, ఒక్కొక్కటే గెలుచుకుంటూ వచ్చింది. చివరిదాకా పోరాడినది మోటరోలా కంపెనీ. కనెక్టికట్ పోలీసులకు ఎఫ్.ఎం. పెట్టిన నోబుల్ ఆ తరువాత చేరినది ఆ కంపెనీలోనే. 1967లో ఆ కేసూ ఆమె పక్షానే ముగిసింది. భర్త పోయిన 13 ఏళ్ళకు. మన సంఘంలో కుటుంబ పింఛను కోసం కాగితాలు పట్టుకుని తిరిగిన అక్కచెల్లెళ్ళు ఈమెను తమలో ఒకరిగా గుర్తిస్తారనుకుంటాను. మేరియన్ 1979లో కాలం చేసింది.

మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం మొదట వచ్చినది మద్రాసులో, 1977 జూలై 23న. తరువాత కర్నూలు, అనంతపురం, వరంగల్లు, నిజామాబాదు, కొత్తగూడెం వంటి ఊళ్ళలో ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి. ఉరుముల వేళ కూడా పాట చెడకుండా రావడం చూసి మనం ఆశ్చర్యపడ్డాం. ఆల్పైన్ స్తంభం ఇంకా నిలిచే ఉంది. 2001 సెప్టెంబరులో న్యూయార్కు జంట భవనాలు కూలి వాటి మీది ఏరియల్స్ పోయినప్పుడు, కొన్ని టెలివిజన్ స్టేషన్లు తాత్కాలికంగా ఈ స్తంభం నుంచే ప్రసారం చేశాయి.

అమెరికాలో లారీ డ్రైవర్లు తమలో తాము మాట్లాడుకునే సి.బి. రేడియోలు ఉంటాయి. 27 మెగాహెర్ట్జ్ దగ్గర, 40 ఛానళ్ళు. 1958 నుంచీ ఆ బ్యాండులో ఎ.ఎం. పద్ధతినే వాడుతూ వచ్చారు, అందుకే ప్లగ్గుల టకటక, ఛార్జింగు ఈల వాళ్ళకు నిత్యబాధ. 2021లో అక్కడి కమిషను ఆ రేడియోలలో కూడా ఎఫ్.ఎం. వాడవచ్చునని అనుమతి ఇచ్చింది. అప్పటి నుంచి రెండు పద్ధతులకూ మీట ఉన్న సెట్లు అమ్ముతున్నారు. అమెరికాలో పిల్లలున్న సభ్యులు ఈసారి అక్కడికి వెళ్ళినప్పుడు, దారిలో లారీలు ఆగేచోట ఉండే దుకాణంలో అడిగితే చూపిస్తారు. స్టాంపులు సేకరించే మనవలుంటే 1983లో అమెరికా తపాలా శాఖ వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ స్టాంపు కూడా వెదకమనండి.